రెండూ ఒకేసారి

హల్‌లో గురువారం సాయంత్రం, చర్చి హాలు.
చెక్కనేల మీద పలచటి చాప.
పదకొండేళ్ళుగా బస్సు సీటు ఆకారంలోనే
ఉండిపోయిన నా వెన్ను.

నడుం వాల్చడం తెలుసు నాకు.
నడుం బిగించడమూ తెలుసు.
రెండూ ఒకేసారి చేయమంటుంది
డెబ్బై రెండేళ్ళ మోరీన్.

పక్క చాప మీద
చేపలరేవు గ్రాహం మొదటిదానితోనే సరిపెట్టుకుని
గురక పెడుతున్నాడు.

బొడ్డు వెన్నుకంటేలా లోపలికి లాగి
కాలెత్తుతాను, జానెడు.
"తొందరెందుకు? ఎవరూ బెల్లు కొట్టలేదుగా!"
తొడ వణుకుతుంది
స్టాపులో ఆగిన ఇంజనులా.

దించడమే కష్టం.
ఎత్తినంతసేపూ ఊపిరి బిగబట్టానని
దించుతుంటే తెలిసింది.

ఇప్పుడు ఒక్కో పూసా నేలకి దిగుతోంది,
కడ్డీ వదలకుండా
మెట్లు దిగే ముసలామెలా.

ఆమె దిగేదాకా
బండి కదపను.