తొక్కల గిన్నె

ఆగు బాబూ, ఆగాగు,
తొక్కతో నమలకు.
నూగు గొంతులో గుచ్చుకుని రాత్రంతా దగ్గుతావు.
ఉమ్మెయ్. సిగ్గేం లేదు, ఇదిగో కాగితం.
ఈ బల్ల దగ్గర నలభై ఏళ్ళలో
నీలాగే నమిలినవాళ్ళు ముగ్గురున్నారు.
ఒకాయన పూర్తిగా మింగేసి
బాగుందని కూడా అన్నాడు.

నీగాత రేవులో వెల్డింగు పనికి వచ్చావు కదూ?
మీ మంగోలియా మైదానంలో గుర్రాలే గానీ
చిక్కుడు పాదు నీడన కూర్చున్నవాణ్ణి కానని
ఇందాక బీరు నురగ తుడుచుకుంటూ నువ్వే చెప్పావు.
సరే, విను. దీని పేరు ఎడమామె.
సోయా చిక్కుడే, ముదరకముందు కోసింది.
ఇంకో నెల ఆగితే
ఎండి రాయయ్యేది,
నానబెడితే టోఫు అయ్యేది,
జాడీలో పులిసి పులిసి సాస్ అయ్యేది.
ఆ బాధ్యతలేవీ నెత్తిన పడకముందే
ఇలా పచ్చగా, పనీపాటా లేకుండా
మన ముందుకొచ్చి కూర్చుంది.

పొద్దున్నే హరుయె తెచ్చింది, బురద కాళ్ళతో.
ఎసరు పొయ్యి మీద పెట్టాకే చేలోకి వెళ్ళాలంటుంది వాళ్ళత్త,
కోసిన క్షణం నుంచీ తీపి పారిపోతుందట.
నేను కత్తెరతో రెండు కొసలూ కత్తిరిస్తాను
ఉప్పుకి లోపలికి దారి దొరకాలని.
గుప్పెడు ఉప్పేసి, నూగు రాలేదాకా రుద్ది
నాలుగే నిమిషాలు.
ఐదో నిమిషంలో ఎవరైనా ఫోను చేశారా,
ఆ వాయి నేనే తినాలి.
చన్నీళ్ళు పొయ్యను. విసనకర్రతో విసురుతాను
జ్వరం దిగుతున్న పిల్లకి విసిరినట్టు.

ఇప్పుడు కాయ తీసుకో.
కొస పెదాల మధ్య పెట్టు.
ముందు ఉప్పు తగలనీ నాలుకకి.
వేళ్ళతో నొక్కు, మెల్లగా, మెల్లగా అన్నానా,

అయ్యో!

గింజ ఎగిరి
కురయోషి గారి కళ్ళద్దాలకి కొట్టుకుని
ఆయన గ్లాసులోనే పడింది.
పడవ అమ్మేసినప్పట్నుంచీ ఆయనదే ఆ మూల,
ఆ గోడకేసే చూపు.
వచ్చాననడు, వెళ్తాననడు,
డబ్బులు బల్ల మీద పెట్టి లేస్తాడు.
ఇదిగో చూడు,
చాప్‌స్టిక్స్‌తో తీశాడు,
దీపానికెత్తి చూశాడు,
నోట్లో వేసుకున్నాడు.

"ఉప్పు చాల్లేదు."

విన్నావా?
నాతో అన్నాడా, నీతో అన్నాడా, గింజతో అన్నాడా?
ఏదైతేనేం, అన్నాడు.

ఇంకోటి నొక్కు. అటువైపు కాకుండా...
కాదులే, అటువైపే.

మా మేనమామ పొడుపు కథ ఒకటి వేసేవాడు,
తినేకొద్దీ నిండే గిన్నె ఏది? అని.
జవాబు తెలిసి కూడా ప్రతిసారీ తల గోక్కునేవాళ్ళం.
అదే, నీ ఎడమ మోచేతి దగ్గరున్నది.
తొక్కలు అందులో వెయ్యి, జేబులో కాదు.

వాన మొదలైంది, ఆ తలుపు కాస్త దగ్గరికి లాగు.
ఎసరు మరుగుతూనే ఉంది.
కురయోషి గారూ,
ఈ వాయికి ఉప్పు మీరే వేస్తారా?