అంగుళంలో ఎనిమిదో వంతు

ఇరవై రెండేళ్లుగా ప్రతి ఫిబ్రవరీ నాది ఒకటే పని:
కుర్రాళ్ల చేతులు కొలవడం.
ఇండియానాపొలిస్‌లో ఒక హోటల్ హాలు,
అందులో ఒక బల్ల, బల్లకి మేకులతో బిగించిన స్కేలు.
బొటనవేలు ఇక్కడ, చిటికెనవేలు అక్కడ,
మధ్యలో ఎంత చాపగలిగితే అంత.
జాన. అంతే.

మిగతా ఏడాదంతా బడిలో వడ్రంగం నేర్పేవాణ్ని.
ఎనిమిదో వంతు తేడా వస్తే సొరుగు మూసుకోదని
కొన్ని వందల మందికి చెప్పి ఉంటాను.

వచ్చేవాళ్లు క్వార్టర్‌బ్యాక్‌లు.
శనివారం మధ్యాహ్నాల్లో డెబ్భై వేల గొంతుల్ని
చెయ్యెత్తి ఆపినవాళ్లు.
నా ముందు మాత్రం
సూదిమందుకి జబ్బ చూపించే పిల్లల్లా నిలబడతారు.

నా వెనక అన్ని జట్ల మనుషులూ
చల్లారిన కాఫీలతో.
తొమ్మిదిన్నర అంటే తలలు ఊగుతాయి.
తొమ్మిదికి తక్కువంటే పెన్నులు కదులుతాయి:
డిసెంబరు వానలో బంతి జారుతుంది,
సరస్సు గాలికి ఆగదు,
మూడో రౌండు, కాదు, అయిదో రౌండు.
ఈ జోస్యులకి అరచేతిలో గీతలు అక్కర్లేదు,
వెడల్పు చాలు.

నాకు తెలిసేవి వేరు.
ఎవరు గోళ్లు కొరుక్కున్నారో,
ఎవరు నెల్లాళ్లు మర్దనా చేయించుకుని
బొటనవేలి మొదలు సాగదీసుకొచ్చారో.
చేతులు అబద్ధమాడవంటారు.
ఆడతాయి, చెమటలు కక్కుతూ ఆడతాయి.

ఆ ఏడు ఆమోస్ ట్రిప్లెట్ వచ్చాడు,
మిసిసిపీలో చేపల చెరువుల వైపు నుంచి.
చెయ్యి నిండా జెల్లముళ్లు దిగిన మచ్చలు.
చాపాడు. ఇంకా చాపాడు.
తొమ్మిదికి ఒక్క వడ్లగింజంత తక్కువ.
చిటికెనవేలు వణకడం నేనొక్కణ్నే చూశాను.
నా నోరు నన్నడక్కుండానే అనేసింది:
తొమ్మిది.

వెనక ఎవరో రాసుకున్నారు.

రెండో రౌండులో పేరు పిలిచారు.
టీవీలో వాళ్లమ్మ పసుప్పచ్చ టోపీ ఎగిరి కిందపడింది,
ఆమె తీసుకోలేదు.
ఆ రాత్రి నేను ఒంటరిగా రెండు బీర్లు తాగి
దేవుణ్ననుకున్నాను.

మూడో ఏడు నవంబరు, క్లీవ్‌లండ్‌లో మంచువాన.
బంతి చేతిలోంచి జారింది.
దానికోసం వంగినవాడి మోకాలిమీద ముగ్గురు పడ్డారు.
చేతికి దెబ్బ తగలడం ముందా, బంతి జారడం ముందా?
నిదానంగా తిప్పి తిప్పి చూశాను.
నలభైసార్లు చూశాను.
ఇరవైసార్లు దెబ్బే ముందు.

పోయిన ఫిబ్రవరి లిఫ్టులో
నా పక్కన ఒకడు కుంటుతూ ఎక్కాడు.
చెయ్యి చూసి గుర్తుపట్టాను, మొహం చూసి కాదు.
ఇప్పుడు వాళ్ల ఊరి బడిలో పిల్లలకి ఆట నేర్పుతున్నాడట,
తన దగ్గర నేర్చిన కుర్రాడొకడు రేపు కొలతకి వస్తున్నాడట.

"ఆ రోజు మీరు తొమ్మిదన్నారు," అన్నాడు.
"ఇంట్లో వందసార్లు కొలుచుకున్నాను సార్."

అయిదో అంతస్తు. ఆరు.
తిడతాడనుకున్నాను. దణ్ణం పెడతాడేమోనని
అంతకంటే భయపడ్డాను.
ఏడో అంతస్తులో తలుపు తెరుచుకుంది,
మూసుకోకుండా కాలు అడ్డం పెట్టాడు, మంచి కాలు.

"వీడికి మాత్రం
ఉన్నది ఉన్నట్టు చెప్పండి."

పొద్దున్నే ఆ కుర్రాడొచ్చి చెయ్యి చాపాడు.
వెనక పెన్నులు ఆగాయి.
నేను కళ్లద్దాలు తీసి
చొక్కా అంచుతో తుడుచుకున్నాను,
మళ్లీ తుడుచుకున్నాను.