సున్నా పాయింట్ నాలుగు

పోలెండులో, వూచ్ నగరంలో, పాత నూలుమిల్లు మూడో అంతస్తు.
మగ్గాలు పోయాయి, వాటి బోల్టుల గుంటలు మిగిలాయి.
నా కుర్చీ చక్రం రోజూ అదే గుంటలో పడుతుంది.

నా ఉద్యోగం తలుపు తెరవడం.
ఆటలో నక్క వస్తుంది, మీట నొక్కుతాను,
తెరుచుకుందని రాసుకుంటాను.
తెరుచుకోకపోతే అదీ రాసుకుంటాను.

ఆ తలుపు బోగ్నాది.
కోడ్ రాయడం రాదు తనకి, అందుకు సిగ్గూ లేదు.
తెర మీద పెట్టెలు పరిచి
పెట్టెకీ పెట్టెకీ తీగ లాగి
నక్కని తలుపుకి, తలుపుని గాలికి,
గాలిని దీపానికి ముడేసింది.
ఆట నడుస్తుంటే తీగల్లో వెలుగు పాకుతుంది,
ఎక్కడ ఆగిపోయిందో కంటికే తెలిసిపోతుంది.

లెషెక్ చూసి కళ్ళజోడు తీశాడు.
"ఇది తలుపా, పిల్లి ఆడుకున్న దారపుండా?"
అతని మాటా అబద్ధం కాదు.
ఆ బొమ్మలో ఇద్దరు చెయ్యి పెడితే
ఒకరి పని నీటిపాలే.
మొన్న మంగళవారం పోయింది అతనిదే.

రాత్రికి రాత్రి
నూట పన్నెండు పెట్టెల్ని పద్నాలుగు పంక్తుల్లోకి దించాడు.
చదువుకోవచ్చు. వెతికితే దొరుకుతుంది.
నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారిందో
వేలు పెట్టి చూపించొచ్చు.
బోగ్నా తలూపింది.
టీ తెచ్చుకుంటానని వెళ్ళి చాలాసేపు రాలేదు.

మీట నొక్కాను. తెరుచుకుంది.
మళ్ళీ నొక్కాను. తెరుచుకుంది.
రాయడానికి తప్పేం లేదు.
అయినా వేలు మీట మీంచి లేవలేదు.

మా అమ్మమ్మ ఈ మిల్లులోనే బట్ట తనిఖీ చేసేది.
ముందువైపు చూసేదే కాదట.
తిరగేసి, కళ్ళు మూసుకుని, అరచేత్తో తడిమేది.

పాత తలుపు వెనక్కి తెప్పించి
తీగ వెంట తీగ వెళ్ళాను.
ఓ మూల, ఎవరి చూపూ పడని చోట, చిన్న పెట్టె:
ఆగు, సున్నా పాయింట్ నాలుగు సెకన్లు.
నక్క గడప దగ్గరికి వస్తే
తలుపు అరఊపిరి సేపు తటపటాయించేది.
లెషెక్ దాన్ని పొరపాటనుకున్నాడు.

"పొరపాటే," అంది బోగ్నా.
"వేరేచోట పెట్టాల్సింది. తర్వాత తీసెయ్యబుద్ధి కాలేదు."

ఇప్పుడు పదిహేను పంక్తులు.
తొమ్మిదోదాని పక్కన లెషెక్ రాసుకున్న మాట:
దీన్ని తీసెయ్యొద్దు. ఎందుకో నాకూ తెలీదు.

వాళ్ళిద్దరూ ఇప్పుడు కిటికీ గురించి తగువులాడుతున్నారు.
ఈ వారమంతా నాకు కిటికీ పని.