గంపగుత్త

లైప్‌జిగ్‌లో తెల్లవారుజామున నాలుగున్నరకే డిపో తలుపు తెరుస్తాను.
చేతి తొడుగులు, ఫ్లాస్కు, నిన్నటి రొట్టె.
ముప్పై ఒక్క ఏళ్లుగా ట్రామ్ నడుపుతున్నాను.
దానికి స్టీరింగ్ ఉండదు. చాలామందికి ఆ సంగతే తట్టదు.

మా ఫోల్క్‌మార్‌కి మాత్రం స్టీరింగ్ కావాలి.
ఆ ఏడు టీవీలో అందరూ ఒక్క టెలిఫోన్ కంపెనీ పేరే జపించారు.
వంటింటి డబ్బు, నా పళ్ల వైద్యానికి దాచిన డబ్బు
ఊడ్చి ఆ ఒక్క పేరు మీద పెట్టాడు.
ఆపైన రెండేళ్లు బ్యాంకు వీధిలో నడవలేదు మేం,
చుట్టూ తిరిగి వెళ్లేవాళ్లం.

ట్రామ్ పెట్టెలకు కొక్కేలు తగిలించే హియెన్,
మోచేతుల దాకా గ్రీజు, ఇరవై ఆరేళ్లు,
టీ ఊదుకుంటూ చెప్పింది:
"ఎవరు గెలుస్తారో నువ్వు తేల్చక్కర్లేదు రోస్విటా.
పదిహేను వందల కంపెనీలు, తలా ఒక చిటికెడు,
గంపగుత్తగా కొనెయ్.
సూచీ పట్టాలు వేస్తుంది, ఫండు వాటి మీద పోతుంది."

"పట్టాలు పల్లంలోకి దిగితే?"
"నువ్వూ దిగుతావు."
అబద్ధమాడనందుకు ఆ పిల్ల మీద గురి కుదిరింది.

"జనం ఎగబడితే ధర ఊరికే ఉబ్బిపోదూ?"
పట్టకారుతో యార్డు చూపించింది.
రద్దీ పెరిగితే ఇంకో పెట్టె తగిలిస్తాం, తగ్గితే విప్పేస్తాం.
అక్కడా అంతేనట. పెద్ద వర్తకులు
షేర్లు మూటగట్టి ఇచ్చి కొత్త యూనిట్లు పట్టుకెళ్తారు,
యూనిట్లు తిరిగిచ్చి మూట తెచ్చుకుంటారు.
అందుకే గంప ధర
గంపలో సరుకుని విడిచి ఎంతో దూరం పోదు.
ఖర్చు ఏడాదికి నూటికి ఇరవై సెంట్లు.
"ఆ ఇరవై కూడా వదలరన్నమాట," అన్నాను.

ఒకటో తారీఖున యాభై యూరోలు.
జీతం పడ్డ పూటే, చేతికి తెలిసేలోగా.

ఒక రాత్రి కళ్లద్దాలు పెట్టుకుని జాబితా మొత్తం చదివాను.
మా అన్నని ఇంటికి పంపిన ఫ్యాక్టరీ వాళ్లున్నారు.
నేను వాడని షాంపూ, తుపాకీ గొట్టాలు చేసేవాడు,
ఎక్కడో మధ్యలో, రవ్వంత,
ఆ టెలిఫోన్ కంపెనీ.
పక్కగదిలో ఫోల్క్‌మార్ గురక.
చెప్పలేదు. ఇంకా చెప్పలేదు.

మార్చిలో నాలుగు రోజులు వరసగా పడింది.
చివరి స్టాపులో ఫోన్ తీసి చూశాను:
ఒక చలికాలం హీటరు బిల్లంత, ఎర్రగా.
వేలు "అమ్ము" అనే మాట మీద నిలబడింది.
ఎవరో అద్దం తట్టారు.
చేతికర్రతో ముసలాయన, తడిసిన కుక్క.
ఆరూ పన్నెండు అయింది,
తలుపు తెరవాలి కదా.