ఇంటిపని జన్యువులు

షువైఖ్ ల్యాబులో రాత్రి డ్యూటీ.
కిటికీ అవతల తూజ్ లేచి
ఆకాశం ఇటుక రంగుకు తిరిగింది.
నా చేతిలో మైనపు దిమ్మె, అందులో
గోరంత ఊపిరితిత్తి.
పేరు లేదు. నంబరు నలభై ఒకటి బై ఏడు.
వృత్తి అన్న గడిలో ఎవరో వంకరగా రాశారు:
మార్బుల్ కటింగ్, పంతొమ్మిదేళ్ళు.

మైనం కరిగించి, కడిగి,
కణం ఆఖరున ఏం మాట్లాడుతుండిందో
ఆ మాటల్ని సన్నటి గొట్టంలోకి దించుతాను.
పుస్తకం ప్రతి కణంలోనూ ఒకటే.
ఏ పేజీని గొంతెత్తి చదివింది,
ఏ పేజీని నోరు మూసుకుని తిప్పేసింది,
మేం వినేది అది.

ఇరవై రెండో చుట్టుకే ఒక గీత నిక్కి లేచింది.
చీలడం తప్ప ఇంకేం తెలీని జన్యువు.
కాపలా కాయాల్సిన మరొకటి
ముప్పై ఆరు దాకా పడుకునే ఉంది.

గట్టిగా అంటే ఎంత గట్టిగా?
కొలవాలంటే ఓ నిలకడైన గొంతు కావాలి.
జబ్బయినా సుఖమైనా
ఒకే తీరున గొణుగుతూ పని చేసుకుపోయేవి కొన్ని ఉంటాయి.
ఇంటిపని జన్యువులంటారు వాటిని.
క్లాసులో మొదటిసారి విన్నప్పుడు అందరితో పాటు నవ్వాను.
మా అమ్మ అప్పుడు సాల్మియాలో ఖద్దామా.
పదమూడేళ్ళు ఒకే ఇంటి నేల తుడిచింది.
ఆ ఇంట్లో పెళ్ళిళ్ళూ విడాకులూ చావులూ
ఆమె చీపురు చప్పుడు మీదే జరిగాయి.
రాయచోటిలో నా ఫీజు రసీదుల మీద
ఆమె పేరు ఒక్కచోటా లేదు.

స్కోరు తేలింది. ఎక్కువ ప్రమాదం.
ఈ సూత్రం కట్టినవాళ్ళు
ఎన్ని వందల ఊపిరితిత్తులు చదివారో రాశారు.
రాతిపొడి మింగినవి అందులో ఎన్నో
ఏ పట్టికలోనూ దొరకలేదు నాకు.

పొద్దున నడవలో, కుర్చీలో ఒకాయన.
నా బ్యాడ్జి మీద ఇంటిపేరు కూడబలుక్కుని
"తెలుగోళ్ళేనా బిడ్డా?" అన్నాడు.
సుంకె రాజలింగు, కోరుట్ల పక్కన.
"అకామా మార్చి దాకున్నది.
ముందుగాల ఏది అయిపోతదో జెర చెప్పు,
అదా, నేనా?
రెన్యువల్ పైసలు దండుగయితయని."
అని, దగ్గులోనే నవ్వాడు.

ఆయన నంబరు నేనడగలేదు.
"డాక్టరు చెప్తాడన్నా" అన్నాను,
తలుపు తట్టిన ప్రతివాడికీ
మేడం లోపలుందని మా అమ్మ చెప్పే గొంతుతో.

ఆయన లేచిపోయాక చూశాను,
కుర్చీ చేతుల మీద సన్నటి పొడి.
తూజ్ దుమ్ము ఎర్రగా ఉంటుంది.
ఇది తెల్లగా ఉంది.