నూట మూడు

నాకొచ్చిన చదువు ఒకటే:
బ్యారన్ అద్దం అవతల
గాజు గొట్టంలో ఎర్రగీత.
తొంభై ఎనిమిదిలో మొదలుపెడతాం, అప్పుడు పచ్చాకే.
నూట మూడుకు పసుపు తిరుగుద్ది.
నూట ఇరవైకి రంగు నిలబడుద్ది.
నూట అరవైకి ఈనె పుటుక్కున విరిగేదాకా ఎండుద్ది.
ఇరవై రెండేళ్లుగా ఆసాములు
మాలకొండయ్యా, నీ చేతిలో ఆకు బంగారం అంటారు.
బంగారం వాళ్లది. చెయ్యి నాది.

పోయిన మాఘంలో
ఆసుపత్రోళ్లిచ్చిన చిన్న గొట్టం
చెంచి చంకలోంచి తీసి బల్బు కింద పట్టుకుంటే
నూట మూడు.
చెయ్యి దానంతటదే
పొయ్యిలో కట్టె తగ్గించబోయింది.
పొయ్యి యాడుంది?

నెత్తుట్లో తెల్లవి పెరిగినాయంట.
డాక్టరమ్మ కాగితం మీద సున్నాలు చుట్టి చూపించింది.
వెంగమ్మ తలూపింది. నేనూ ఊపినా.
బయటికొచ్చినాక
"తెల్లవంటే మంచివి గదా?" అనింది.
టీ చల్లారిందాకా
ఇద్దరం ఏం మాట్టాడలా.

కార్డు మీద ప్రకాశం అనుంది.
మా ఊరు కదల్లా,
జిల్లానే నెల్లూరికి పోయింది.
కిటికీలో పిలగాడు రెండు రోజులు తిప్పినాడు,
మీరు ఆ జిల్లానా ఈ జిల్లానా అని.
లింగసముద్రం అవతల సామీ,
పొగాకు చేను దాటితే మా ఇల్లు.

రెండు బాటిళ్ల రక్తం తెమ్మన్నారు.
ఆకు అల్లే ఆడోళ్లు ఐదుగురు
కూలి మానుకోని సింగరాయకొండలో రైలెక్కినారు.
వేలికి సూది గుచ్చి, చుక్క చూసి,
"మీకే చాల్దమ్మా, మీరేం ఇస్తారు" అని
ఐదుగురినీ ఎనక్కి పంపినారు.
కోటమ్మత్త మెట్ల మీద కూర్చోని
శానాసేపు ఆ వేలే చూసుకుంటా ఉంది,
ఎవరో తన పెట్టెలో చెయ్యిపెట్టి
తనకు తెలీకుండా తీసుకపోయినట్టు.
ఇచ్చింది ఆటో పిలగాడు.
పేరడిగితే బండి తిప్పుకుంటా
"మళ్లీ కావాలంటే స్టాండులో అడుగన్నా" అన్నాడు.

మా అమ్మ మాలకొండకు మొక్కింది,
పిల్ల తలనీలాలిస్తానని.
సామి శనివారం తప్ప తలుపు తీయడు.
మందు వారం చూళ్లా.
మంగళారం దిండు మీద, బుధారం నా లుంగీ మీద
కుచ్చులు కుచ్చులు.
వెంగమ్మ ఒక్కోటి ఏరి
మాత్రల కవర్లో చుట్టి వాసంలో చెక్కింది.
ముందే రాలినవి సామి లెక్కేసుకుంటాడా,
పూజారిని అడగమంటది మా అమ్మ.
అడగలా.
లేదంటే ఏం చెయ్యాల?

ఒక రాత్రి
బ్యారన్ కాడుండాల్సినోణ్ణి
చెంచి కాళ్లకాడ తెల్లారింది.
ఎనిమిది వందల కర్ర నల్లబడింది.
ఆసామి ఒక్క మాటనలా.
లెక్కపుస్తకం తెచ్చి నా ముందరే రాసుకున్నాడు.
తిట్టినా బాగుండు.

బ్యారన్‌లో గీత దిగితే నా గుండె జారుద్ది.
కట్టె ఎగదోస్తా.
ఇంట్లో అదే గీత దిగాలని
తడిగుడ్డ పిండతా, పిండతా ఉంటా.
రెండు భయాలు ఎదురెదురుగా నడుస్తుంటే
ఏ పక్కకు తిరిగి పండుకోవాలో తెలీదు.

బళ్లో సాహితి, ఇంట్లో చెంచి. ఏడేళ్లు.
బ్యారన్ నీడన ఉయ్యాలూగిన పిల్ల,
దానికన్నీ తెలుసు.
గొట్టం తీయంగానే అడుగుద్ది,
"ఎంత నాన్నా? పసుపు తిరిగానా?"
నిన్న నూట రెండు. అబద్ధం చెప్పినా.

ఈ తెల్లారుగట్ల
టార్చి ఎలుగులో మూడుసార్లు చూసినా.
తొంభై తొమ్మిది.
"పచ్చాకే తల్లీ" అన్నా.
"ఇంకా పచ్చాకే."
అప్పటికే నిద్రపోయింది.