బాద్

సిరొంచ కోర్టులో నా పని
ఈ ఒడ్డు మాటను ఆ ఒడ్డుకు దాటించడం.
తెలుగులో చెప్పింది మరాఠీలో చెప్తాను.
రోజుకు మూడు వందల యాభై, టీ వాళ్లదే.
ఎప్పుడూ గట్టు తగాదాలు, ఇసుక ట్రాక్టర్లు, తప్పిపోయిన గొర్రెలు.
ఆ మంగళవారం మాత్రం
అహేరి బస్సు దిగిన జనమంతా
సంచులతో సహా కోర్టు వరండాలోకే వచ్చారు.

జాడి సమ్మయ్య కేసు.
టీవీలో ఆడేటప్పుడు చొక్కా వీపున సామ్ అని ఉండేది.
నలభై రెండు లక్షలకు పాడుకున్న రైడరు.
ఆసరల్లి మలుపులో, రాత్రి రెండింటికి,
వల భుజాన వేసుకుని ఏటికి పోతున్న కోటరి పోచాన్ని
తెల్లబండి ఒకటి కొట్టి, ఆగకుండా పోయింది.
తెల్లారి స్టేషనుకొచ్చి 'నేనే నడిపిన' అన్నది
సమ్మయ్య కాదు, సమ్మయ్య మేనబావ తిరుపతి.
అతనికి టీవీఎస్ తప్ప ఏదీ నడపరాదు.

సాక్ష్యం నంబరు నాలుగు, ఆ వల,
బీరువా పక్కన మూటగా ఉంది.
మూడు నెలలైనా నీచు వాసన పోలేదు.

బోనెక్కింది మడావి లచ్చు మాస్టరు,
ఆట నేర్పినాయన, రెండు మోకాళ్లూ ఆటకే ఇచ్చినాయన.
ముద్దాయి ఎలాంటివాడని వకీలు అడిగాడు.
ముసలి ముఖం ఒక్కసారి వెలిగింది:
"మంచి దమ్మున్నోడు సారూ.
ఒక్క కూతల నలుగుర్ని సంపి
బతికి గీత దాటొచ్చేటోడు."

టైపు మిషను ఆగి
నా నోటి వైపు చూసింది.

మా చెడుగుడులో తాకితే చస్తారు.
చచ్చినవాళ్లు గీత బయట వరసగా కూర్చుని
పిక్కల మీది ఇసుక దులుపుకుంటారు,
ఒక బీడీని ముగ్గురు పంచుకుంటారు.
మనవాడొకడు అవతలివాణ్ని చంపగానే
ముందు చచ్చినవాడు లుంగీ ఎగ్గట్టి లేచొస్తాడు.
నేనూ ఎన్నిసార్లు చచ్చానో,
అమ్మ కేకేసేలోగా ఎన్నిసార్లు లేచానో.
మరాఠీలో ఎవరూ చావరు.
అక్కడ ఆట హుతూతూ, చావు బాద్.
దకు ఒత్తిస్తే మన బాధ, అంతే తేడా.

నలుగుర్ని బాద్ చేసి వచ్చేవాడు, అన్నాను.
జడ్జిగారు రాయించుకున్నారు.
తప్పేం లేదు. నలుగురు ఆటగాళ్లు, నాలుగు పాయింట్లు.

మాస్టరు దిగలేదు.
చాలు, దిగమన్నా దిగలేదు.
నన్నూ జడ్జినీ వదిలేసి
సమ్మయ్యనే చూస్తూ అన్నాడు:
"దమ్ము నడుమ తెగితే ఒప్పుకోవాలన్న గదరా.
రెఫరీకి వినరాకున్నా
నీ నోటికి ఎరికేనాయె.
ఎన్నడన్న నీ సావు
ఇంకొకన్ని సావుమన్ననా?"

వెనక బెంచీలో తిరుపతి
చొక్కా గుండీ ఒకటి తిప్పుతూ, తిప్పుతూ, తెంపేశాడు.

ఈసారి నేను బాద్ అనలేదు.
మరణ్ అన్నాను.
వకీలు లేచాడు: ఇందాక ఒక మాట, ఇప్పుడు ఇంకో మాటా?
జడ్జిగారు కళ్లద్దాలు తీసి నన్నడిగారు:
మీ భాషలో రెంటికీ ఒకటే మాటా?
ఒకటే, అన్నాను.
అయితే తేడా ఎట్లా తెలుస్తుంది?
గోడ దగ్గర, నేల మీద కూర్చున్న పోచం భార్య
మా ఇద్దరి మరాఠీ అర్థం కాక
నా వైపూ ఆయన వైపూ చూస్తోంది.
లేచి వచ్చేదాన్ని బట్టి, అన్నాను.
అది రికార్డులో రాసుకోలేదు.

వాయిదా వేశారు.
పోలీసులు పట్టుకుపోతుంటే
సమ్మయ్య పెదవులు కదిలాయి.
కూతో, ఒప్పుకోలో,
నాకు చప్పుడు వినిపించలేదు.
వినిపించనిది దాటించడం నా పని కాదు.